“ప్రాణవాయువు ఇవ్వం” అని రాయవచ్చా?

ప్రశ్న: గుండె ఎడమ భాగం సరిగా ఎదగకుండా పుట్టిన బిడ్డకు (హైపోప్లాస్టిక్ లెఫ్ట్ హార్ట్) నార్వుడ్ ఆపరేషన్‌కు (దశలవారీ గుండె ఆపరేషన్లలో మొదటిది) ముందు తల్లిదండ్రులకిచ్చే కాగితాన్ని తెలుగు చేస్తున్నాం. ఒక వాక్యం “ప్రాణవాయువు ఇవ్వం, నత్రజని ఇస్తాం” అని తేలింది. హడలిపోతారేమో?

పిల్లల గుండె ఐసీయూ డాక్టర్: హడలిపోరా మరి! పైగా విషయమూ తప్పే. ఈ బిడ్డల్లో కుడి జఠరిక (గుండె కింది గది) ఒక్కటే ఊపిరితిత్తులకీ ఒంటికీ రక్తం తోస్తుంది. ఒంటికి పోయే దారి డక్టస్ అనే రక్తనాళం; మామూలుగా పుట్టాక మూసుకుపోతుంది. అది మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఎక్కిస్తాం. నిరోధం ఎటు తక్కువుంటే రక్తం అటే మళ్లుతుంది. ఆక్సిజన్ పెంచితే ఊపిరితిత్తుల రక్తనాళాలు విచ్చుకుంటాయి; వెంటిలేటర్ జోరుగా నడిపి కార్బన్ డయాక్సైడ్‌ను కడిగేసినా అంతే. మానిటర్‌లో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95కి ఎగబాకుతుంది, అందరూ సంతోషిస్తారు. ఇటు నాడి బలహీనపడుతుంది, మూత్రం తగ్గుతుంది, ఒంటికి ఆక్సిజన్ చాలడం లేదని చెప్పే లాక్టేట్ రక్తంలో పెరుగుతుంది. అందుకే లక్ష్యం 75–85. అలాగని “ఇవ్వం” అని తెగేసి రాయకండి. ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉంటే ఇస్తాం. కర్ణికల (గుండె పై గదుల) మధ్య గోడలో దారి మరీ ఇరుకైతే మాత్రం ఆక్సిజన్‌తో పని జరగదు, ఆ దారిని వెంటనే తెరవాలి.

రెస్పిరేటరీ థెరపిస్ట్: “నత్రజని ఇస్తాం” కూడా సరికాదు. మామూలు గాలిలోనే అది 78 శాతం. మరికొంత కలిపి ఆక్సిజన్‌ను 21 శాతం నుంచి 17–18కి దించడమే చేసే పని. ఆక్సిజన్ కొలిచే సెన్సర్ నైట్రోజన్ కలిసే చోటు దాటాక, బిడ్డ వైపు ఉండాలి. ముందే పెడితే అది 21 అనే చూపిస్తుంది, బిడ్డకు అందేది ఎంతో తెలియదు. రెండో దారి, పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 3 శాతం కలపడం. మెదడుకు ఆక్సిజన్ అందే విషయంలో ఇదే మేలు. అయితే కండరాలు సడలించి, మత్తులో ఉంచాలి. లేకపోతే బిడ్డ ఆయాసపడి ఊపిరి పెంచి ఆ వాయువును బయటికి నెట్టేస్తుంది. అనస్తీషియా మెషీన్‌లో ఉండే సోడా లైమ్ అనే రసాయనం దాన్ని పీల్చేస్తుందని కూడా మరవకండి. ఈ రెండూ ఇప్పుడు అరుదు. మామూలు గాలి, నెమ్మదైన వెంటిలేషన్, ఒంటి రక్తనాళాల నిరోధం తగ్గించే మిల్రినోన్ వంటి మందులు, ఇవే ఎక్కువ.

అనువాదకురాలు: ఇంకో చిక్కు, “ఆక్సిజన్ శాతం”. పీల్చే గాలిలో 21, రక్తంలో 80. రెంటికీ ఒకే మాట వాడేస్తున్నారు. “గాలిలో ఆక్సిజన్”, “రక్తంలో ఆక్సిజన్” అని ప్రతిసారీ విడదీయాలి. 80 అనగానే ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ చూసినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. ఈ బిడ్డకు అదే తగిన అంకె అని పక్కనే రాయండి.

డాక్టర్: నైట్రిక్ ఆక్సైడ్‌నూ నైట్రస్ ఆక్సైడ్‌నూ కలిపేయకండి. రెండోది మత్తు వాయువు. మొదటిది ఊపిరితిత్తుల నాళాలను విప్పుతుంది, అంటే ఇక్కడ మనకు కావలసినదానికి ఎదురు. వేరే జబ్బుల్లో పదిలక్షల వంతుల్లో 20 వంతులు ఇస్తారు. ఉన్నట్టుండి ఆపితే ఊపిరితిత్తుల పీడనం మళ్లీ ఎగసిపడుతుంది.

అనువాదకురాలు: అయితే నా ప్రతిపాదన: “బిడ్డకు మామూలు గాలితోనే శ్వాస అందిస్తాం. ఆక్సిజన్ అవసరమైనప్పుడు మాత్రమే, కొలిచి ఇస్తాం. ఎక్కువైతే రక్తం ఊపిరితిత్తులకే పోయి ఒంటికి చాలదు.”

డాక్టర్: బాగుంది. “మామూలు గాలితోనే” తర్వాత “వెంటిలేటర్ ద్వారా” చేర్చండి. లేకపోతే బిడ్డను గాలికి వదిలేశారనుకుంటారు.