టైమ్‌షేర్ మెయింటెనెన్స్ ఫీజు: క్రెడిట్ కార్డుతో కడితే అదనపు వడ్డన

ప్రశ్న (విజయనగరం నుంచి):
టైమ్‌షేర్‌కి (ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే సభ్యత్వం) ఏటా కట్టే ఫీజు 18,000. కంపెనీ పేమెంట్ పేజీలో క్రెడిట్ కార్డు నొక్కితే 2 శాతం అదనం, దాని మీద జీఎస్టీ అంటోంది. తప్పించుకునే దారి ఉందాండీ?

జవాబు 1:
లెక్క చూడండి. 2 శాతం అంటే 360, దాని మీద 18 శాతం జీఎస్టీ 64.80. మొత్తం 424.80 దండగ. కార్డు పాయింట్లు 1 శాతం ఇచ్చినా 180 దాటవు. అదే పేజీలో యూపీఐ ఉంటే బ్యాంకు ఖాతాతోనే కట్టండి. 2020 జనవరి నుంచి యూపీఐకీ, రూపే డెబిట్ కార్డుకీ ఎండీఆర్ (డబ్బు తీసుకునే వ్యాపారి బ్యాంకుకిచ్చే రుసుము) సున్నా. యాప్‌లో రూపే క్రెడిట్ కార్డు తగిలించి ఉంటే మాత్రం, దానికి ఈ సున్నా వర్తించదు కాబట్టి, ఏ ఖాతా ఎంచుకున్నారో పిన్ కొట్టేముందు చూసుకోండి.

జవాబు 2 (శ్రీకాకుళం):
యూపీఐ లేకపోతే నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతి). సేవింగ్స్ ఖాతా నుంచి ఆన్‌లైన్లో ఉచితం. బ్రాంచికెళ్లినా ఈ మొత్తానికి 5 రూపాయలు, జీఎస్టీ మించదు. చిక్కంతా రిమార్క్స్ గడి దగ్గరే. అక్కడ మెంబర్‌షిప్ నంబరు, సంవత్సరం రాయకపోతే డబ్బు ఎవరి పద్దులోనూ పడదు, మీకేమో ఆలస్య రుసుము పడుతుంది. యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కంపెనీకి మెయిల్ చేసి, రసీదు వచ్చేదాకా వదలకండి. గడువుకి వారం ముందే పంపండి.

ప్రశ్న వేసినవారు:
కార్డుకి ఆటో డెబిట్ పెట్టి ఉందండీ, అదెలా?

జవాబు 1:
ముందు అది రద్దు చేయండి. మీ ఫీజు 15,000 దాటింది కాబట్టి ఆటో డెబిట్‌కి ఓటీపీ అడుగుతుంది, పొరపాటున కొట్టకండి.