నార్వేజియన్ సమాసాలు: ఎక్కడ అతకాలి, ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి?

కొత్తపాఠం: బుక్‌మోల్ (నార్వేజియన్‌కున్న రెండు రాత రూపాల్లో ఒకటి) నేర్చుకునేవాళ్ల కోసం అడుగుతున్నా. రెండు పదాల మధ్య ‘స్’ ఎప్పుడు వస్తుంది? ఏ అక్షరాన్ని నొక్కి పలకాలి?

ఉత్తరపదం: మన తత్పురుష లాంటిదే, చివరి పదానిదే పెత్తనం. ‘బాణ్’ (పిల్ల) నపుంసకలింగం, ‘హాగె’ (తోట) పుంలింగం. అందుకే ‘బాణెహాగె’ (శిశుపాఠశాల) పుంలింగం. అతుకులో ఒక్కోసారి ఏమీ రాదు, ఒక్కోసారి ‘ఎ’, ఒక్కోసారి ‘స్’. మొదటి పదం హేత్, ఇంగ్, షూన్, స్కాప్‌లతో ముగిస్తే మామూలుగా ‘స్’ పడుతుంది: సికెర్‌హేత్స్‌బెల్తె (సీటుబెల్టు). మొదటి భాగమే సమాసమైనా ‘స్’ దూరుతుంది: వీన్‌గ్లస్ (వైన్ గ్లాసు)లో లేదు, రోవీన్స్‌గ్లస్ (రెడ్‌వైన్ గ్లాసు)లో ఉంది. మిగిలినవాటికి నిఘంటువే దిక్కు. అన్నట్టు రోస్త్రూపె, అంటే ‘ఎర్రగొంతు’, ఒక పిట్ట పేరు. అచ్చం బహువ్రీహి!

హల్లు: నార్వేవాళ్లే తరచూ చేసే తప్పు విడదీసి రాయడం. ‘లమ్మెలోర్’ కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడమాంసం. ఖాళీ వదిలితే చచ్చుబడిన తొడలు. హోటల్ మెనూలో ఏది కావాలో మీరే చెప్పండి.

పంక్తి చివర విరవాల్సి వస్తే అతుకు దగ్గరే విరవాలి, ‘స్’ మొదటి పదంతోనే ఉండాలి. మామూలు పదంలో అచ్చుల మధ్య హల్లు కింది పంక్తికి పోతుంది కదా అని ‘హూస్‌ఐయెర్’ (ఇంటి యజమాని)ని హూ-సైయెర్ చేయకండి, హూస్-ఐయెర్ సరి. ఒకే హల్లు మూడుసార్లు వస్తే ఒకటి ఎగిరిపోతుంది. నత్ (రాత్రి)లో త రెండు, తోగ్ (రైలు)లో ఒకటి. కలిపితే రెండే రాస్తారు. పంక్తి చివర విరిచారా, మూడోది తిరిగొస్తుంది.

నొక్కుడు: ప్రధాన నొక్కు మొదటి పదానిది, చిన్న నొక్కు చివరి పదానిది. ఆ చిన్న నొక్కు చివరి పదంలో ఎక్కడ పడాలి అన్నదే మనవాళ్లకు చిక్కు. విడిగా పలికినప్పుడు దానికి ఎక్కడ ఉందో అక్కడే. ‘స్తషూన్’ (స్టేషన్)లో నొక్కు షూన్ మీద. కాబట్టి బస్‌స్టేషన్‌ని బుస్తషూన్ అన్నప్పుడు బలం బుస్ మీద, కాస్త షూన్ మీద. ‘స్త’ని నొక్కితే ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలుగులో అన్ని అక్షరాలనూ సమానంగా పలికే అలవాటు కదా, ఇక్కడే దొరికిపోతాం. దీర్ఘాలు మాత్రం రెండు పదాల్లోనూ కుదించకండి.

ఉత్తరపదం: ఓస్లో వైపు ర తర్వాత త, ద, న వస్తే కలిసి ట, డ, ణ అవుతాయి, అతుకు దగ్గర కూడా. సొమ్మెర్ + దాగ్ = సొమ్మెడాగ్ (వేసవి రోజు). ఇంగ్లిష్‌వాళ్లు దీనికి తంటాలు పడతారు, మనకు నోట్లోనే ఉంది.

హల్లు: బెర్గెన్‌లో ఇది పనిచేయదు. అక్కడ ర గొంతులోంచి వస్తుంది, ద ద గానే ఉంటుంది.