మాంసం తెగట్లేదు, నలుగుతోంది: కత్తి మార్చాలా, పదును పెట్టాలా?

వంకర ముక్కలు (ప్రశ్న):

మా ఇంట్లో మాంసం కోసే పని నాదే. ఎనిమిదేళ్లుగా ఒకటే కత్తి. ఎనిమిది అంగుళాల అలుగు, స్టెయిన్‌లెస్ స్టీలు, పెద్ద ఖరీదైనదేం కాదు. కొత్తలో బాగానే తెగేది. ఇప్పుడు ఎముక లేని మెత్తటి ముక్క పెట్టినా నలుపుతోందే తప్ప కోయడం లేదు. ముక్క పైన సన్నటి తెల్ల పొర ఉంటుంది చూడండి, అది తెగకుండా కత్తితో పాటే సాగుతూ వస్తుంది. ఇక నేను బలమంతా పెట్టి నొక్కుతాను. ఒక పక్క లావు, ఒక పక్క పలచన. లావు పక్క ఉడికేసరికి పలచ పక్క పీచైపోతుంది. పోయిన వారం అలా నొక్కినప్పుడే కత్తి జారి ఎడమ చూపుడు వేలు తెగింది. రెండు కుట్లు పడ్డాయి. మాంసం తెగని కత్తికి నా వేలు మాత్రం ఎలా తెగిందో!

ఇదివరకు ఒకసారి చక్రం మీద పదును పెట్టించాను. నిప్పురవ్వలు లేస్తుంటే ఇంకేం, బ్రహ్మాండంగా వచ్చేస్తుంది అనుకున్నా. నాలుగు రోజులు తెగింది, తర్వాత మామూలే. పైగా మొన దగ్గర అర అంగుళం మేర నీలం మరక పడింది, ఎంత తోమినా పోదు. తర్వాత వి ఆకారపు గాడిలో కత్తి పెట్టి లాగే సాధనం కొన్నాను. లాగిన పూట తెగుతుంది, మర్నాటికి ఉండదు.

ఇప్పుడు రాయి కొందామంటే 400, 1000, 3000, 8000 అని అంకెలు. కోణం 15 డిగ్రీలని ఒకరు, 20 అని ఒకరు. కత్తి చేత్తో పట్టుకుని డిగ్రీలు ఎలా కొలుస్తారండీ? లేకపోతే ఇవన్నీ మానేసి ఒక జపాన్ కత్తి కొనేయనా? మాకు ఎముక ఉన్న ముక్కలూ వస్తాయి, లేనివీ వస్తాయి.

పాత పిడి:

కుట్లు విప్పేదాకా రాయి ముట్టుకోకండి. పదును పెట్టేటప్పుడు అలుగును రాయికి అదిమేది ఎడమ చేతి వేళ్లే. రాయి మీద ఊరే బురద నీళ్లు గాయంలోకి పోతాయి.

నేను పంతొమ్మిదేళ్లు హోటల్ వంటగదుల్లో మాంసం బల్ల దగ్గరే పనిచేశాను. మొదటి ఆరు నెలలు మా పెద్దాయన నాకు కోసే పని ఇవ్వలేదు, రాయి ఇచ్చాడు. అందరి కత్తులూ నేనే నూరాలి. అప్పట్లో తిట్టుకున్నాను గానీ నాకు చేతనైన పనల్లా అక్కడ వచ్చిందే.

ముందు మీ నీలం మరక సంగతి. అది కాలిన గుర్తు. కత్తి అంచు కాగితమంత పలచన కాబట్టి నీళ్లు తగలకుండా చక్రానికి ఒత్తితే క్షణాల్లో కాలిపోతుంది. ఉక్కుకు గట్టిదనం వచ్చేదే లెక్క ప్రకారం కాచి చల్లార్చడం వల్ల. మళ్లీ అంత వేడి తగిలితే ఆ గట్టిదనం దిగిపోతుంది. ఆ అర అంగుళానికి ఎంత నూరినా పదును నిలవదు. ముక్కలు కోసేది మొనతో కాదు కాబట్టి బతికిపోయారు. అలాగే వదిలేయండి, ఏళ్లు గడిచేకొద్దీ నూరుడులో అదే అరిగిపోతుంది.

కత్తి మార్చక్కర్లేదు. అలుగు మీద చిన్న అక్షరాల్లో ఎక్స్ 50 సీఆర్ ఎంఓ వీ 15 అని ఉందేమో చూడండి. పలకబోతే నాలుక మడతపడుతుంది గానీ అర్థం తేలికే: కార్బన్ అర శాతం, క్రోమియం 15 శాతం దరిదాపు. జర్మన్ తరహా కత్తులు ఎక్కువగా ఈ ఉక్కువే, రాక్‌వెల్ కొలతలో 55 నుంచి 58 దాకా గట్టిదనం ఉంటుంది. జపాన్ కత్తుల్లో పేరున్న వీజీ-10 ఉక్కు 60 దాటుతుంది. గట్టి ఉక్కుకు పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, నిజమే. కానీ గట్టిది పెళుసు కూడా. ఎముకకు తగిలితే మెత్తటి ఉక్కు వంగుతుంది, గట్టిది పెచ్చు ఊడుతుంది. వంగినదాన్ని నిమిషంలో సరిచేయొచ్చు. ఊడిన పెచ్చు పోవాలంటే అంచు మొత్తం అంత లోతుకూ నూరాలి.

అందుకే ఎముకకు వేరే కత్తి పెట్టుకోండి. బరువుగా, అంచు మందంగా ఉన్నది, ఒక్కో వైపు 25 డిగ్రీలకు తగ్గకుండా నూరింది. ముక్కలు కోసే కత్తితో ఎముకను కొట్టనే కొట్టొద్దు. కీలు దగ్గరైతే అసలు కొట్టాల్సిన పనే లేదు. ఆరంగుళాల సన్నటి చిన్న కత్తి మొన పెట్టి వెతికితే సందు దొరుకుతుంది, అక్కడ నరం తెగగానే కీలు దానంతటదే విడిపోతుంది. ఇంకా డబ్బు పెట్టాలనుంటే ఆ చిన్న కత్తి కొనుక్కోండి, జపాన్‌ది తర్వాత.

పెద్ద పెద్ద ముక్కల్ని సన్నగా కోసేవాళ్లు పది పన్నెండు అంగుళాల పొడుగు కత్తి వాడతారు. ఒక్క లాగుడులో ముక్క తెగిపోవాలని. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే ముక్క మీద మెట్లు పడతాయి. ఆ కత్తి అలుగు వెడల్పు తక్కువ ఉండేది కూడా మాంసం అంటుకోకుండా ఉండటానికే. మీ ఎనిమిదంగుళాలు ఇంటికి చాలు.

ఇక డిగ్రీలు. అలుగును రాయి మీద పడుకోబెట్టి వీపు వైపు (పదును లేని మందపాటి వైపు) పైకెత్తండి. ఎత్తు అలుగు వెడల్పులో నాలుగో వంతు ఉంటే 15 డిగ్రీలకు దగ్గర, మూడో వంతు ఉంటే 20కి దగ్గర. మీ అలుగు 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, 15 మిల్లీమీటర్లు ఎత్తితే సరి. మీ ఉక్కుకు 20 డిగ్రీలే నయం. అంత ఎత్తు చెక్క ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, మొదలుపెట్టే ముందు వీపు కింద ఆనించి చూసుకోండి. డిగ్రీ అటూ ఇటూ అయినా కొంపలేం మునగవు. ఒక లాగుడుకు ఒక కోణం, ఇంకో లాగుడుకు ఇంకో కోణం అయితేనే అంచు గుండ్రమవుతుంది.

ఆ అంకెలు రాయి గరుకును చెబుతాయి, అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన. రాళ్లు రెండు చాలు, 400, 1000. మీ కత్తి ఇప్పుడున్న తీరుకు ఒక్కసారి 400 మీద నూరక తప్పదు, తర్వాతెప్పుడూ 1000 సరిపోతుంది. నీళ్ల రాయి అయితే బుడగలు ఆగేదాకా నానబెట్టి, కింద తడిగుడ్డ పరిచి కదలకుండా పెట్టండి.

అసలు విషయం ఇక్కడుంది. ఒక వైపు నూరుతూ ఉంటే కాసేపటికి అంచు దగ్గర ఉక్కు వెంట్రుకంత సన్నగా మారి అవతలి వైపుకు మడత పడుతుంది. బర్ అంటారు. కంటికి సరిగ్గా కనపడదు. బొటనవేలిని వీపు వైపు నుంచి అంచు దాకా తెచ్చి బయటికి జార్చండి (అంచు పొడవునా ఎప్పుడూ రుద్దొద్దు, ఇంకో రెండు కుట్లు పడతాయి). నున్నగా జారిపోతే ఇంకా రాలేదు. చిరిగిన గోరు బట్టకు పట్టుకున్నట్టు చర్మానికి గరుగ్గా తగిలితే వచ్చింది. మడమ (అలుగుకు పిడి వైపు చివర) నుంచి మొన దాకా అంతటా తగలాలి. తగిలేదాకా కత్తి తిప్పొద్దు. ఎన్ని లాగుళ్లు అని లెక్కపెట్టుకోవద్దు, మా పెద్దాయన దగ్గర నేను చేసిన తప్పు అదే. ఇటు ఇరవై, అటు ఇరవై అని లెక్కపెట్టి నూరేవాణ్ణి. ఆయన వేలు పెట్టి చూసి, మాట్లాడకుండా మళ్లీ రాయి మీద పెట్టేవాడు.

రెండు వైపులా వచ్చాక దాన్ని తీసేయాలి. కత్తి బరువు తప్ప చెయ్యి బరువు పడకుండా ఇటొకటి అటొకటి, పది పన్నెండు సార్లు. చాలామంది ఇది చేయకుండానే లేచిపోతారు. ఆ వెంట్రుకే కాసేపు బ్లేడులా తెగుతుంది, రెండు కోతలకు మడిచిపోతుంది. ఆ పూట తెగి మర్నాటికి తెగట్లేదంటున్నారు కదా, మీ వి గాడి చేసే పని అదే. అది నూరదు, ఉక్కును గీకుతుంది, ఆ చింపిరి అంచునే వదిలేస్తుంది.

తొందర వంట:

అన్నా, రాయి, నానబెట్టడం, ఇవన్నీ ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు కుదిరే పనులేనా? నేను వి గాడిలోనే నాలుగేళ్లుగా లాగుతున్నా, నా పని జరిగిపోతోంది.

పాత పిడి:

జరిగిపోతుంటే మానేయమని నేనెందుకంటాను. మీ అలుగు మడమ దగ్గర ఒకసారి చూడండి, గాడి అందని చోట చిన్న మెట్టు కనిపిస్తే అంత ఉక్కు ఊరికే పోయిందన్నమాట. నాకైతే నెలకోసారి రాయి మీద పావుగంట. మధ్యలో స్టీలు రాడ్డు మీద రెండు వైపులా నాలుగైదుసార్లు మెల్లగా జారుస్తాను. అది కొత్త పదును పెట్టదు, పక్కకు ఒరిగిన అంచును నిలబెడుతుంది, అంతే. గట్టి జపాన్ ఉక్కును మాత్రం గాళ్లున్న స్టీలు రాడ్డుకు రాయొద్దు, పెళ్లలు లేస్తాయి.

అద్దం అంచు:

రాళ్ల పిచ్చితో ఒకసారి 8000 దాకా వెళ్లాను. అంచులో ముఖం కనిపించింది. కాగితం చప్పుడు లేకుండా తెగింది. పచ్చి మాంసం మీద పెడితే ఆ తెల్ల పొర మీద జారింది! మళ్లీ 1000కి దిగాక పట్టుకుంది. అంచుకు కంటికి కనపడని పళ్లు ఉంటేనే పీచు తెగుతుందని నా అనుభవం. ఇంకొకటి, మాంసాన్ని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, పైన బిగిసి లోపల మెత్తగా ఉన్నప్పుడు కోయండి. పీచుకు అడ్డంగా కోస్తే నమలడానికీ హాయి. రాయిలా గడ్డకట్టినదాన్ని మాత్రం కోయొద్దు, అది ఎముకతో సమానం. గాజు పలకా వద్దు, చెక్కో ప్లాస్టిక్కో వాడండి.

వంకర ముక్కలు:

మూడు వారాలయింది, వేలు మానింది. నిన్న కూర్చున్నాను. 400 మీద ఇరవై నిమిషాలు నూరినా వెంట్రుకా లేదు, తోకా లేదు. ఒళ్లు మండింది. చివరికి మార్కర్ పెన్నుతో అంచు పొడవునా నల్లగా గీసి పది లాగుళ్లు లాగి చూశాను. నలుపు పైన పోయింది, సరిగ్గా అంచు దగ్గర దారమంత గీత అలాగే ఉంది. అంటే ఇంతసేపూ రాయి అసలు అంచుకే తగలలేదు. వీపు ఇంకాస్త ఎత్తాను. ఐదు నిమిషాల్లో గరుగ్గా తగిలింది. ఆ తగిలినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకో తెలీదు.

1000 అయ్యాక ఒక ముక్క పెట్టి కత్తిని మడమ నుంచి మొన దాకా లాగాను, నొక్కలేదు. తెల్ల పొర టక్కున విడిపోయింది. పెన్సిలంత మందం ముక్కలు, పన్నెండు వచ్చాయి. నీలం మరక దగ్గర మాత్రం మొన ఇంకా మొద్దే, మీరన్నట్టే.

ఒక సందేహం. 400 రాయి మధ్యలో అప్పుడే చిన్న పళ్లెంలా గుంట పడింది. రాయి నాసిదా?

పాత పిడి:

నాసిది కాదు, మీరు మధ్యలోనే రుద్దారు. మార్కర్ ఉపాయం మీకే తట్టిందంటే ఇక నేను చెప్పేదేముంది. ఆ గుంట మీద నూరితే అంచు మళ్లీ గుండ్రమవుతుంది. రాయి మీద పెన్సిల్‌తో నిలువు, అడ్డం గీతలు గీయండి. మందపాటి గాజు పలక మీద తడి గరుకు కాగితం పరిచి, దాని మీద రాయిని బోర్లించి రుద్దండి. గీతలన్నీ చెరిగిపోతే సమానమైనట్టు. ముందు అంచుల మీదవి పోతాయి, మధ్యవి మొండికేస్తాయి, అవి పోయేదాకా ఆపొద్దు. ఈసారి నుంచి రాయి చివర్లు కూడా వాడండి.