పెళ్లికి పట్టు లేని చీర ఏది తీసుకోను?

మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. జంతువులు, పురుగుల నుంచి వచ్చేవేవీ వాడకూడదని నేను పాలు, తేనె మానేసినప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, పట్టుచీర కట్టనన్నాక అమ్మకు టెన్షన్ మొదలైంది. పురుగు లోపల ఉండగానే గూళ్లను ఉడకబెట్టి దారం తీస్తారు, నాకు మనసొప్పదు. అహింసా పట్టు ఉందిగా అంటున్నారు. అందులో పురుగు రెక్కలొచ్చి బయటపడ్డాకే నూలు వడుకుతారు, నిజమే. కానీ పెంచేది పురుగుల్నే కదా!

గద్వాల చీర ఒంటికి నూలే అయినా అంచు, కొంగు పట్టే. అందుకే మంగళగిరి నూలు, వెంకటగిరి నూలు చూస్తున్నాను. చిక్కల్లా జరీతోనే. అసలు జరీలో వెండి తీగ చుట్టేది పట్టుదారానికే. నూలు దారం మీద చుట్టిన జరీ కావాలంటే నేతన్నల దగ్గర ఏమని అడగాలి? పాలిస్టర్ 'పట్టు' మాత్రం చెప్పకండి, హోమం దగ్గర ఉడికిపోతాం.

పనిలో పనిగా, తేనెమైనం లేని లిప్‌బామ్, కల్తీ లేని బూరుగుదూది దిండ్లు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి. అమ్మను ఒప్పించే ఉపాయం ఉంటే అదీ చెబుదురూ.