సమస్యాపూరణం: కుడియె యెడమ కాగఁ గుదిరె నోడ

నిర్వహణ: గణపాఠి

ఈసారి సమస్య, అంటే ముందు మూడు పాదాలు మీరు పూరించాల్సిన ఆటవెలది చివరి పాదం:

*కుడియె యెడమ కాగఁ గుదిరె నోడ*

వస్తువు కూడా నేనే ఇస్తున్నాను, ఎందుకంటే కిందటిసారి స్వేచ్ఛ ఇస్తే సగంమంది విరహంలోకి వెళ్లిపోయారు. రద్దయిన నౌకాపటాల (సముద్రంలో ఓడలకు దారి చూపే పటాల) మీద చెక్కిన చెక్కదిమ్మలతో ఓడలు, లంగర్లు, తిమింగలాలు అచ్చు వేస్తారు కదా, పూరణ ఆ పని చుట్టూ తిరగాలి. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: కొత్త ముద్రణ వచ్చిందంటే పాత పటాన్ని ఓడ నడపడానికి వాడకూడదు. పైగా 2012 నుంచి 2018 దాకా అంచెలంచెలుగా పెద్ద ఓడలకు ఎలక్ట్రానిక్ పటాల వ్యవస్థ తప్పనిసరి అయింది. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా అయితే కాగితం పటాలకే స్వస్తి అని 2019లో చెప్పి, దాదాపు ఐదేళ్లలో ఆ పని పూర్తి చేసింది. అలా మిగిలిన కాగితం మందంగా, గట్టిగా ఉంటుంది, పెన్సిల్ గీతలు గీసి చెరిపినా చిరగకూడదని అలా తయారుచేస్తారు. అందుకే అచ్చు వేసేవాళ్లకు అదంటే ప్రాణం.

గణం తప్పితే మొహమాటం లేకుండా చెబుతాను.

తీరరేఖ

చెక్కపైనఁ దిప్పి చెక్కిన చిత్రమ్ము
పాతపటము మీదఁ బడిన యపుడు
అద్ద మట్లు తిరిగి యచ్చైన వేళలో
కుడియె యెడమ కాగఁ గుదిరె నోడ

గణపాఠి

గణాలు, యతులు (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరాలు) శుభ్రం. కానీ "పడిన యపుడు" అన్నాక మళ్లీ "వేళలో" ఎందుకండీ? ఒకే సమయాన్ని రెండు పాదాల్లో చెప్పారు, ఖాళీ నింపడానికని ఇట్టే తెలిసిపోతోంది. రెండో ఫిర్యాదు కొంచెం పెద్దది. దిమ్మ అంటే తిరగేసి చెక్కాలి, అచ్చులో సరిగ్గా పడుతుంది, అది అందరికీ తెలిసిన సంగతే, మీ పద్యం దాన్ని వివరించి ఊరుకుంది. ఓడ బొమ్మ అటుదిటు అయితే ఏం కొంప మునిగింది, ఓడ ఎటు వెళ్లినా ఓడే కదా? చిక్కు ఎక్కడుందో చూపించకుండా విప్పేశారు.

చుక్కాని

గణపాఠిగారి ప్రశ్నకు నా జవాబు ఇదీ:

ఎఱ్ఱదీప మెడమ నెల్లప్పు డుండాలి
నడిసముద్ర మందు నావ నీతి
దిమ్మమీద దాని దిశ మార్చి చెక్కగా
కుడియె యెడమ కాగఁ గుదిరె నోడ

ఓడకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం, ఒక్కొక్కటి ముక్కుసూటి నుంచి 112.5 డిగ్రీల మేర కనిపించాలి. రెండు రంగుల్లో అచ్చు వేసేటప్పుడు తిప్పడం మర్చిపోతే ఆ ఓడ ఎదురొచ్చే ఓడకు అబద్ధం చెబుతున్నట్టే.

గణపాఠి

ఇదీ పూరణంటే! చిక్కు పుట్టింది, విడింది. "ఉండాలి" ఒక్కటే పద్యంలో పంటికింద రాయిలా ఉంది. "నెల్లప్పు డుండుట" అనండి, గణం చెడదు, "ఎడమన ఉండడమే నావ నీతి" అని రెండో పాదంతో అన్వయం కూడా అతుకుతుంది.

లఘువు

ఒక కొర్రీ. ఆ ఓడ మనవైపు వస్తూ ఉంటే ఎర్రదీపం మన కుడిచేతి వైపు కనిపిస్తుంది. అది మన ఎడమకు పడేది ఓడను వెనక నుంచి చూస్తేనే, కానీ అప్పుడు దాని వెలుగు కనపడదు. మరి మీ బొమ్మలో ఓడ వస్తోందా, పోతోందా?

చుక్కాని

పోతోంది మాస్టారూ. దిమ్మ మీద దాని వీపే చెక్కాను, వెలుగు కనపడకపోయినా బొమ్మ కోసం దీపానికి రంగు వేశాను.

కొత్తకలం

నాది మొదటి ప్రయత్నం, తిట్టినా పర్వాలేదు.

తూర్పు పడమరలవి తారుమారుగఁ జెక్కి
చక్రమందు దిశలు చక్క నయ్యె
ప్రక్క బొమ్మ కూడ పద్ధతి యిదె గాన
కుడియె యెడమ కాగఁ గుదిరె నోడ

అలాగే సమస్యలో కు–గు యతి చెల్లుతుందా?

గణపాఠి

చెల్లుతుంది, రెండూ ఒకే వర్గం. మీ మొదటి పాదంలోనే తూ–తా కుదరలేదు, హల్లు కలిసినా ఊకారానికి ఆకారం మిత్రం కాదు. "చెక్కి… అయ్యె" అన్నచోట కర్త కూడా మారిపోయాడు. రెండింటికీ ఒకే మందు: *తూర్పు పడమరలను దొలుతనే మార్చంగ*. దిక్సూచి చక్రాన్ని పట్టుకోవడం మాత్రం భలే ఊహ. పటం మీద అసలు చక్రం ఎలాగూ అచ్చయి ఉంటుంది, దాని పక్కనే మీ దిమ్మ చక్రం తూర్పును పడమటికి చూపిస్తే పరువు పోతుంది, దాచడానికి కూడా చోటుండదు.

మసిచేతులు

నేను దిమ్మలు చెక్కేదాన్ని, పద్యాలు అప్పుడప్పుడు. మీరంతా అద్దం దగ్గరే ఆగిపోయారు.

నేల నిండె నెడమ, నీళ్ళెల్ల కుడివైపు
చోటు కుదరలేదు చూడ నాకు
పటము తలను దిప్పి పాదమ్ము గావింప
కుడియె యెడమ కాగఁ గుదిరె నోడ

నా దిమ్మలో ఓడ కాగితానికి ఎడమ పక్కన పడాలి, అక్కడేమో పటంలో నేల, ఊళ్లు, పేర్లు కిక్కిరిసి ఉన్నాయి. కాగితాన్ని తలకిందులు చేస్తే సముద్రం ఎడమకు వచ్చింది. చెక్కింది ఏమీ మార్చలేదు.

లఘువు

అప్పుడు లోతు అంకెలన్నీ తలకిందులవుతాయి కదా. 6 కాస్తా 9 అవుతుంది!

మసిచేతులు

అవుతుంది. ఆ పటం పట్టుకుని ఎవరూ ఓడ నడపరు, నడపొద్దని వెనకాల రాసే ఇస్తాను. నేను చూసుకునేది వేరే: నల్ల ఇంకు చిక్కగా వేస్తే అంకెలు మాయమైపోతాయి, ఇంక అది ఏ కాగితమైనా ఒకటే, అందుకని ఇంకులో పారదర్శకంగా ఉండే బేస్ కలుపుతాను, ఓడ పొట్టలోంచి లోతులు కనిపించాలి. లోతు తక్కువున్నచోట పటమే నీలం, అక్కడ నీలం ఇంకు వేస్తే ఓడ ఉందో మునిగిందో తెలియదు. నూనె ఇంకు ఆ గట్టి కాగితంలోకి త్వరగా ఇంకదు, రోజుల తరబడి తడిగానే ఉంటుంది, ఆ టెన్షన్ వేరే.

గణపాఠి

నా ఓటు ఈ పద్యానికే. రెండో పాదంలో "కుదరలేదు" అని, నాలుగో పాదంలో "కుదిరె" దగ్గరికి తీసుకురావడం చూడండి, సమస్యలో నేను "అమరె" అనే అర్థంలో వేసిన మాటను ఆవిడ "పట్టింది" అనే అర్థంలోకి తిప్పేశారు. "చూడ నాకు" కొంచెం పలచన, కానీ యతి కోసం చేసిన చిన్న అప్పు, వదిలేద్దాం. చుక్కానిగారిది రెండో స్థానం. కొత్తకలం, సవరించిన పద్యం మళ్లీ పెట్టండి, పాతది తుడిచేయకండి, పక్కపక్కనే ఉంటే మిగతావాళ్లకు పనికొస్తుంది.

తడి ఇంకు మాట వచ్చింది కాబట్టి వచ్చేవారం సమస్య అక్కడి నుంచే, మళ్లీ ఆటవెలదే:

*ఎండ నెండి కడలి యెఱ్ఱబారె*

సూర్యాస్తమయం రాసినవాళ్లకు మార్కులు ఉండవు.