డెల్టా శిఖరం 1232 దగ్గర కాకుండా ముందే ఎందుకొస్తోంది?

ప్రశ్న: నమస్కారం అండీ. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం పై ప్లస్ (ధనావేశ పయాన్), ప్రోటాన్ పరిక్షేపణ కొలతల పట్టిక తీసుకుని మొత్తం క్రాస్ సెక్షన్ (పరిక్షేపణ జరిగే అవకాశానికి కొలత) గ్రాఫ్ గీశాను. పయాన్ గతిశక్తి 180 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర శిఖరం వస్తోంది. ద్రవ్యకేంద్ర శక్తిలోకి మార్చితే దాదాపు 1225. పుస్తకాల్లో డెల్టా (పయాన్, ప్రోటాన్ కలిసి క్షణకాలం ఏర్పడే కణం, అంటే రెజొనెన్స్) ద్రవ్యరాశి 1232 అని ఉంది. రెండు రోజులుగా సూత్రాలు తిరగేస్తున్నాను, తప్పు దొరకడం లేదు.

జవాబు: తప్పు లేదు కాబట్టే దొరకడం లేదు. 1232 అనేది శిఖరం ఉన్న చోటు కాదు, ఫేజ్ షిఫ్ట్ (పరిక్షేపణలో తరంగం దశ ఎంత జరిగిందో చెప్పే కోణం) 90 డిగ్రీలు దాటే చోటు. క్రాస్ సెక్షన్‌లో ద్రవ్యవేగ వర్గం హారంలో ఉంటుంది, అది శక్తితోపాటు పెరుగుతూ శిఖరాన్ని ఎడమకు లాగుతుంది. డెల్టా వెడల్పు సుమారు 117 ఎంఈవీ, అంత వెడల్పులో ఈ లాగుడు బాగా తెలుస్తుంది. ప్రతి బిందువునూ ద్రవ్యకేంద్ర ద్రవ్యవేగ వర్గంతో గుణించి మళ్లీ గీయండి.

ఇంకో పరీక్ష కూడా చేయండి. డెల్టా స్పిన్ (కణం సొంత కోణీయ ద్రవ్యవేగం) 3/2 అయితే, ఫేజ్ షిఫ్ట్ 90 డిగ్రీల దగ్గర క్రాస్ సెక్షన్ 8π ని ద్రవ్యవేగ వర్గంతో భాగించినంత కావాలి. అక్కడ ద్రవ్యవేగం 227 ఎంఈవీ, లెక్క కడితే 190 మిల్లీబార్న్‌లు (క్రాస్ సెక్షన్ కొలిచే ప్రమాణం). మీ పట్టికలో 1232 దగ్గర ఇంచుమించు అంతే ఉంటే స్పిన్ ఊహ నిలబడినట్టే. నాకు ఈ లెక్కంటే ప్రాణం: సర్దుబాటు చేయడానికి ఒక్క స్థిరాంకం కూడా లేదు.

ఫిట్‌లో వెడల్పును స్థిరంగా ఉంచకండి. పి తరంగం (కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం 1 ఉన్నది) కనుక అది మొదట్లో ద్రవ్యవేగ ఘనంతో పెరుగుతుంది. స్థిరంగా పెడితే తక్కువ శక్తుల దగ్గర వక్రం కొలతలకన్నా చాలా పైకి పోతుంది.

ప్రశ్న: ధన్యవాదాలండీ. అయితే గుట్ట కనిపించిన ప్రతిచోటా రెజొనెన్స్ అనుకోవచ్చా?

జవాబు: వద్దు. గుట్ట లేకుండా రెజొనెన్స్ ఉండొచ్చు, రెజొనెన్స్ లేకుండా గుట్ట రావొచ్చు. 1952లో షికాగోలో ఫెర్మి బృందం కొలిచినప్పుడు శిఖరం దాకా శక్తి అందనే లేదు. పై ప్లస్ క్రాస్ సెక్షన్ నిటారుగా ఎగబాకడం, పై మైనస్‌కు సుమారు మూడు రెట్లు ఉండడం, ఈ రెండే ఐసోస్పిన్ (ఆవేశంలో మాత్రమే తేడా ఉన్న కణాలను ఒకే కుటుంబంగా చూపే సంఖ్య) 3/2 వైపు చూపించాయి. ఇక 1440 దగ్గరి రోపర్ రెజొనెన్స్ 1964లో ఫేజ్ షిఫ్ట్ విశ్లేషణలో బయటపడింది. మొత్తం క్రాస్ సెక్షన్ ఒక్కటే చూస్తే దానికంటూ విడిగా శిఖరం కనిపించదు.

కాబట్టి కోణాలవారీ కొలతలు తప్పనిసరి. డెల్టా దగ్గర పంపిణీ 1 + 3 కొసైన్ వర్గం ఆకారంలో ఉండాలి. ఎస్ తరంగం (కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా ఉన్నది) కలిస్తే ముందూ వెనకా సమానంగా ఉండవు. బాగా చిన్న కోణాల బిందువులు వదిలేయండి, అక్కడ విద్యుదావేశాల మధ్య బలం పెత్తనం చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: గుణించి గీశానండీ. శిఖరం 1231కి జరిగింది! 1232 దగ్గర పట్టిక విలువ కూడా 190కి చాలా దగ్గరగా ఉంది. ఇవాళే కోణాల పట్టిక మొదలుపెడుతున్నాను.