కొత్తగా తెచ్చుకున్న కుందేళ్ళు: ఒకటి మేత ముట్టడం లేదు, దయచేసి సలహా ఇవ్వండి

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకు రెండు తెల్ల కుందేలు పిల్లలను కొని ఇంటికి తెచ్చి మూడు వారాలైంది. ఇప్పుడు వాటికి సుమారు రెండున్నర నెలలు ఉంటాయి. రెండూ ఆడవేనని, ఇంతకంటే పెద్దగా పెరగవని, రోజూ క్యారెట్లు, నానబెట్టిన శనగలు పెడితే చాలని అమ్మినవారు చెప్పారు. నీళ్ళు పెడితే విరేచనాలు పట్టుకుని చనిపోతాయని, ఆకుకూరల్లో ఉండే తడే సరిపోతుందని కూడా అన్నారు. నాకు తెలియక అన్నీ అలాగే పాటించాను. పడమటి బాల్కనీలో, అడుగుభాగం కూడా తీగలతోనే ఉన్న ఇనుప పంజరంలో ఉంచాను.

రెండు రోజులుగా ఒక కుందేలు పెంటికలు బాగా చిన్నవై, తక్కువగా వస్తున్నాయి. ఈ రోజు తెల్లవారినప్పటి నుంచి అది ఏమీ తినలేదు. ఒక మూలన ముడుచుకుని, పళ్ళు నూరుతూ కూర్చుంది. రెండోది హుషారుగానే ఉంది కానీ, తెల్లవారుజామున తన మలాన్ని తానే తినడం కళ్ళారా చూశాను. అది ఆకలి తీరకనా, లేక జబ్బా? మా అమ్మాయి బడి నుంచి వచ్చేలోగా ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (హైదరాబాద్ నుంచి, ఏడేళ్ళుగా ఇంట్లో కుందేళ్ళను పెంచుతున్నాను)

అమ్మా, మిగిలిన సంగతులు తరువాత చూసుకోవచ్చు, ముందు ఆ ముడుచుకుని కూర్చున్న కుందేలును ఈ పూటే పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. కుక్కో పిల్లో ఒక రోజు తినకపోతే కొంత ఆగి చూడవచ్చునేమో కానీ, కుందేలు పది పన్నెండు గంటలు మేత ముట్టకపోతే పేగుల కదలిక మందగించి, లోపల వాయువు పేరుకుని, నొప్పి వల్ల ఇంకా తినలేని స్థితికి చేరుతుంది. దానికి వాంతి చేసుకునే శక్తి కూడా లేదు కాబట్టి లోపలికి పోయినది ముందుకు కదలవలసిందే తప్ప వేరే దారి లేదు. మీరు చెప్పిన పళ్ళు నూరడం నొప్పికి గుర్తు. చెవులు తాకి చూడండి, చల్లబడి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి.

వెళ్ళే ముందు ఫోన్ చేసి, అక్కడ కుందేళ్ళకు వైద్యం చేసిన అనుభవం ఉన్నవారు ఉన్నారా అని అడగండి. ఇంట్లో ఉన్న మందులేవీ వేయవద్దు. మనం మామూలుగా వాడే అమాక్సిసిలిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కలకు గోమార్ల కోసం వాడే ఫిప్రోనిల్ మందు కూడా కుందేళ్ళకు తగదు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే బలవంతంగా ఏదీ తాగించవద్దు.

రెండో కుందేలు గురించి మీరు బెంగపడనవసరం లేదు. కుందేలు రెండు రకాల మలాన్ని విసర్జిస్తుంది. మనకు కనిపించే గట్టి, గుండ్రని పెంటికలు ఒకటి. రెండోది ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ ఉంటుంది, దానిని నేలమీద పడనివ్వకుండా నేరుగా తినేస్తుంది. మొదటిసారి జీర్ణం కాని పీచు పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో పులిసి, అందులో తయారైన బి విటమిన్లు, మాంసకృత్తులు ఈ రెండో విడతలో ఒంటికి పడతాయి. అందుచేత అడ్డుకోకండి. ఆ మెత్తటి మలం తినకుండా వదిలేసి, పంజరంలోనూ వెనుక కాళ్ళ వెంట్రుకలకూ అంటుకుని కనిపించిందంటే మాత్రం మేతలో తీపి, పిండి ఎక్కువయ్యాయని అర్థం.

అసలు చిక్కంతా మేతలోనే ఉంది. క్యారెట్టు కుందేలుకు మిఠాయి లాంటిది, వారానికి రెండుమూడుసార్లు చిన్న ముక్క చాలు. శనగలు, అన్నం, బిస్కెట్లు, రొట్టె పూర్తిగా మానండి. తినే మొత్తంలో ఎనభై శాతం ఎండుగడ్డే కావాలి, ఎందుకంటే దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందుపళ్ళు వారానికి రెండు మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి, గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. టిమోతీ గడ్డి దుకాణాల్లో దొరుకుతుంది కానీ ఖరీదు ఎక్కువ. నేను చాలాకాలంగా పాడిరైతు దగ్గర గినీ గడ్డి కొని, నీడలో ఆరబెట్టి పెడుతున్నాను, గరిక కూడా శ్రేష్ఠమైనదే. బూజు వాసన వచ్చిన గడ్డిని మాత్రం పారేయండి. వరిగడ్డి పడకకు పనికివస్తుంది కానీ పోషణకు చాలదు. ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు మంచివి, పాలకూర, తోటకూర ఎప్పుడైనా కొద్దిగా. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు.

నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ ఉండాలి. నీళ్ళు తాగితే చనిపోతాయన్న మాట వల్ల ఎన్ని కుందేళ్ళు వేసవిలో అల్లాడిపోయాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. బరువైన మట్టి మూకుడులో పెడితే దొర్లించకుండా తాగుతాయి.

జవాబు (గుంటూరు నుంచి, పశువైద్యశాలలో పనిచేసి పదవీ విరమణ చేశాను)

పైన వివరించిన వారితో ఏకీభవిస్తూ రెండు విషయాలు చేరుస్తాను. మొదటిది, ఆ రెండూ ఆడవన్న మాటను నమ్మకండి. చిన్న వయసులో పోల్చుకోవడం కష్టం కావడంతో మా వద్దకు ఇలాంటి జంటలు తరచుగా వచ్చేవి. నాలుగు నెలలకే అవి ఎదకు రావచ్చు. చూడికాలం కేవలం ముప్ఫై నుంచి ముప్ఫైరెండు రోజులు. ఈనిన రోజునే మళ్ళీ కట్టగలదు కాబట్టి, మగది పక్కనే ఉంటే తల్లికి కోలుకునే వ్యవధి ఉండదు. వైద్యులు చూస్తున్నప్పుడే ఆ సంగతి కూడా తేల్చమని అడగండి. ఒకటి మగదైతే నడుమ జాలీ పెట్టి, ఒకదానికొకటి కనిపించేలా పక్కపక్కనే వేరుచేసి ఉంచండి. మగదానికి వృషణాలు తీయించిన తరువాత కూడా నెల నుంచి నెలన్నర దాకా కలపకూడదు. ఆడదానికి గర్భాశయం తొలగించే శస్త్రచికిత్స కొంత పెద్దదే అయినా, వయసు మీరిన ఆడ కుందేళ్ళలో గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది కనుక అనుభవమున్న వైద్యులు దొరికితే చేయించడం మేలు.

రెండోది, ఎత్తుకునే పద్ధతి. చెవులు పట్టి ఎత్తడం క్రూరమైన పని. ఒక చేయి ఛాతీ కింద, మరొక చేయి పిరుదుల కింద ఉంచి, ఒంటికి హత్తుకుని లేపాలి. కుందేలు ఎముకలు తేలికైనవి, వెనుక కాళ్ళ కండరాలు బలమైనవి. గాలిలో ఒక్కసారి తన్నుకుంటే వెన్నెముక విరిగి ఆ కాళ్ళు పడిపోయిన కుందేళ్ళను నేను చూశాను. పాప కిందనే కూర్చుని, ఒడిలోకి అదే ఎక్కేలా అలవాటు చేసుకుంటే ఇద్దరికీ క్షేమం. స్నానం మాత్రం ఎన్నడూ చేయించవద్దు, ఆ భయానికే కొన్ని ప్రాణాలు పోతాయి.

తీగల అడుగు మీద పాదాలు పుండ్లు పడతాయి. పైన చెక్కో, మందపాటి నూలు చాపో పరచండి. తెల్ల ఒళ్ళు, ఎర్ర కళ్ళు ఉన్నవి చాలావరకు న్యూజిలాండ్ వైట్ రకానివై ఉంటాయి, నాలుగైదు కిలోలు తూగుతాయి. ఆ లెక్కన చోటు చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు (మరునాడు)

మీ జవాబు చదివిన వెంటనే బయలుదేరాను. మేతలో పీచు లేక, నీళ్ళు చాలక పేగులు మందగించాయని వైద్యులు చెప్పి, చర్మం కిందుగా సెలైన్ ఎక్కించి, నొప్పి తగ్గడానికి సూది వేశారు. రాత్రి రెండు గంటలకు ఏడు పెంటికలు వేసింది. మా అమ్మాయి నిద్ర లేచి మరీ వాటిని లెక్కపెట్టింది. ఉదయం కొత్తిమీర రెమ్మ, కొద్దిగా గరిక తిన్నది. హుషారుగా ఉన్నది మగదని తేలింది, గుంటూరు వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మా ఇంట్లో ఏసీ ఒక్క గదిలోనే ఉంది. రోహిణి కార్తె ఎండలను వీటితో ఎలా దాటించాలో కూడా చెప్పగలరా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

ముందు పడమటి బాల్కనీ నుంచి లోపలికి మార్చండి. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది, ముప్ఫై డిగ్రీలు దాటితే చాలు ఇబ్బంది పడుతుంది. మా ఇంట్లో కూడా ఏసీ ఒక్క గదిలోనే ఉంది కాబట్టి మధ్యాహ్నం పదకొండు నుంచి అయిదు దాకా అవి మాతోపాటు అక్కడే ఉంటాయి. కరెంటు పోయిన రోజున, సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, పాత తువ్వాలు చుట్టి పక్కన పెడతాము, వచ్చి దానికి ఆనుకుని పడుకుంటాయి. వట్టివేళ్ళ తడకలు, కూలరు బాగానే ఉంటాయి కానీ మన కోస్తా ఉక్కపోతలో కూలరు ఒక్కదాన్నే నమ్ముకోలేము. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, చెవులు ఎర్రబడి కాలిపోతున్నా, చల్లటి నీళ్ళలో ముంచకుండా చెవులను మామూలు నీటి తడిగుడ్డతో తుడుస్తూ వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. ఎండాకాలంలో పెంటికలను ఉదయం, సాయంత్రం చూస్తూ ఉండండి, ఆ లెక్కపెట్టే పని మీ అమ్మాయికే అప్పగించవచ్చు.